వాననీరు కలుషితం కాకుండా ఇంటివారు ఏం చేయవచ్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

వీధి కాలువల్లో పారే వాననీటి గురించి ఎక్కడ మాట్లాడినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిలో కొన్నింటికి ఒక్క మాటలో బదులు చెప్పవచ్చు. మరికొన్నింటిని వివరంగా చెప్పకపోతే, మేలు చేయబోయిన మనిషి కీడు చేసే ప్రమాదం ఉంది. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ముందుగా తెలుసుకోవలసినవి

మా గేటు ముందున్న కాలువలో పడిన నీరు చివరికి ఎక్కడికి పోతుంది?

చాలా ఊళ్లలో ఇందుకు రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి నీరు మురుగునీటి పైపుల గుండా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. వీధిలో పారే వాననీరు మాత్రం వాననీటి కాలువలోకి దిగి, దారిలో ఎక్కడా శుద్ధి కాకుండానే వాగులోనో చెరువులోనో నదిలోనో సముద్రంలోనో కలుస్తుంది. కాలువ మూతికి బిగించిన ఇనుప జాలీ కొమ్మలను, పెద్ద చెత్తను ఆపుతుంది గాని నూనెను, సబ్బును, ఎరువును ఆపలేదు. కొన్ని పాత నగరాల్లో మురుగు, వాననీరు ఒకే పైపులో పారుతాయి. అక్కడ మామూలు రోజుల్లో అంతా శుద్ధి కేంద్రానికే వెళ్లినా, పెద్ద వానకు పైపు చాలక రెండూ కలిసి నదిలోకి పొర్లిపోతాయి. మీ వీధిలో ఏ ఏర్పాటు ఉందో స్థానిక పాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవచ్చు. ఆ ఒక్క విషయం తెలిసిన తర్వాత బకెట్ చేతిలో పట్టుకుని కాలువ వైపు నడిచే అలవాటు దానంతటదే తగ్గుతుందని నా నమ్మకం.

ఆకాశం నుంచి పడే నీరు శుభ్రమైనదే కదా, అందులోకి కాలుష్యం ఎలా వస్తుంది?

గాలిలోని ధూళి, పొగ కొంత కలిసినా వాన చినుకు చాలావరకు శుభ్రంగానే నేలను చేరుతుంది. అది నేల మీద పారేటప్పుడే మురికి అవుతుంది. వాన లేని రోజుల్లో రోడ్డు మీద, ముంగిట్లో, ఇంటి కప్పు మీద టైర్ల పొడి, నూనె చుక్కలు, దుమ్ము, జంతువుల మలం, ఎరువు గుళికలు, ఆకుల చెత్త పేరుకుంటాయి. వాన మొదలైన కాసేపటికే ఇందులో పెద్ద భాగం కొట్టుకుపోతుంది. అందుచేత ఎన్నాళ్లకో కురిసిన వానలో మొదట పారే నీరు అన్నిటికన్నా మురికిగా ఉంటుంది. వాన రోజున కనిపించే కాలుష్యం నిజానికి అంతకు ముందు ఎండ రోజుల్లో మనం నేల మీద వదిలేసినదే కాబట్టి, ఇంటివారు చేయవలసిన పనిలో ఎక్కువ భాగం కూడా ఎండ రోజుల్లోనే ఉంటుంది.

పెద్ద పెద్ద కర్మాగారాలను వదిలేసి ఇళ్లను అడగడం న్యాయమేనా?

ఈ ప్రశ్న అడిగేవారి ఆగ్రహం నాకు అర్థమవుతుంది. కర్మాగారాలను వదిలేయాలని ఎవరూ అనడం లేదు. కర్మాగారం వ్యర్థాలు ఒక పైపులోంచి వస్తాయి కనుక వాటిని కొలవవచ్చు, నియంత్రించవచ్చు, కట్టడి చేయవచ్చు. వీధుల నుంచి వచ్చే కాలుష్యానికి అలాంటి ఒక చోటంటూ ఉండదు. అమెరికాలో 1972 నాటి పరిశుభ్ర జలాల చట్టం మొదట ప్రధానంగా పైపుల ద్వారా వచ్చే కాలుష్యం మీదే దృష్టి పెట్టింది. 1979 నుంచి 1983 వరకు అక్కడి నగరాల్లో జరిగిన విస్తృత అధ్యయనం వీధుల్లో పారే వాననీరు కూడా జలాశయాలను గణనీయంగా పాడుచేస్తోందని చూపింది. 1987లో చట్టాన్ని సవరించి పట్టణాల వాననీటిని కూడా అనుమతుల పరిధిలోకి తెచ్చారు. ఇక్కడ చట్టం చేయగలిగిన పని కొంతే, ఎందుకంటే ప్రతి ముంగిట్లోనూ తనిఖీ అధికారిని నిలబెట్టడం ఎవరివల్లా కాదు.

ముంగిలంతా కాంక్రీటు పరిస్తే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. చెట్లూ గడ్డీ ఉన్న సహజమైన నేల మీద కురిసిన వానలో సుమారు పదో వంతు మాత్రమే పైన పారుతుంది. మిగిలినది నేలలో ఇంకుతుంది, లేదా మొక్కల ద్వారా, ఎండ ద్వారా తిరిగి గాలిలో కలుస్తుంది. నాలుగింట మూడు వంతులకు పైగా కప్పులు, రోడ్లు, కాంక్రీటుతో నిండిన చోట సగానికి మించి, సుమారు 55 శాతం, పారిపోతుంది. లెక్క సులువైనదే: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ప్రకారం 100 చదరపు మీటర్ల కాంక్రీటు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,000 లీటర్లు గేటు దాటి వెళతాయి. ఒక వాగు పరీవాహక ప్రాంతంలో నీరు ఇంకని నేల పదో వంతుకు చేరుకునేసరికే ఆ వాగులోని జీవజాలం దెబ్బతినడం కనిపిస్తుందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మీరు వాహనం చక్రాలు ఆనే రెండు పట్టీలకే రాయి పరిచి మధ్యలో గడ్డి వదిలినా అది చిన్న పని కాదు.

## ఎండ రోజుల్లో: వాహనం, ముంగిలి, తోట

కారు ఇంటి ముందే కడుక్కుంటాం. ఒక బకెట్ నీళ్లతో ఏమవుతుంది?

ఆ బకెట్‌లో సబ్బుతో పాటు వాహనానికి అంటిన నూనె, బ్రేకుల నుంచి రాలిన లోహపు పొడి, టైర్ల రబ్బరు రేణువులు కూడా ఉంటాయి. వాటర్ వాష్ కేంద్రంలో నీటిని వడగట్టి మురుగు పైపులోకి పంపే ఏర్పాటు ఉంటే వాహనాన్ని అక్కడ కడిగించడం మంచిది. అలాంటి ఏర్పాటు లేని కేంద్రానికి వెళితే మురికిని ఒక కాలువ నుంచి మరో కాలువకు మార్చినట్టే, కనుక అడిగి చూసుకోండి. ఇంట్లోనే కడగాలంటే గడ్డి మీదో మట్టి నేల మీదో నిలిపి, గొట్టానికి బదులు బకెట్, గుడ్డ వాడి, సబ్బు వీలైనంత తగ్గించి కడగాలి. నేల ఆ కొద్దిపాటి నీటిని వడగడుతుంది. బకెట్‌లో మిగిలిన మురికి నీటిని సింకులోనో మరుగుదొడ్డిలోనో పారబోయాలి. ఇంజిన్‌ను మాత్రం ఇంటి దగ్గర కడగవద్దు.

సీసా మీద "ప్రకృతిలో కలిసిపోతుంది" అని రాసి ఉన్న సబ్బును కాలువలోకి వదలవచ్చా?

వదలకూడదు. ఆ మాటకు అర్థం సూక్ష్మజీవులు దాన్ని కొంతకాలానికి విడగొట్టగలవని మాత్రమే. ఆలోపు సబ్బు చేపల మొప్పల మీది రక్షణ పొరను దెబ్బతీస్తుంది, పైగా దాన్ని విడగొట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అలాంటి సబ్బు శుద్ధి కేంద్రానికి వెళ్లే నీటికి మంచిదే, చెరువుకు నేరుగా చేరే నీటికి మాత్రం కాదు.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను మట్టిలో పోస్తే ఇంకిపోదా?

ఇంకిపోతుంది, ఇంకిపోవడమే ప్రమాదం. అది భూగర్భజలం వైపు దిగుతుంది, లేదా తర్వాతి వానకు మట్టితో పాటు కదులుతుంది. ఒకసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే సుమారు 4 లీటర్ల పాత నూనె దాదాపు 40 లక్షల లీటర్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. వాడిన నూనెలో ఇంజిన్ అరుగుదల వల్ల చేరిన లోహాలు కూడా ఉంటాయి కనుక అది కొత్త నూనెకన్నా హానికరం. మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, వేరే ద్రవమేదీ కలపకుండా, పాత నూనె సేకరించే గ్యారేజీకో సేకరణ కేంద్రానికో ఇవ్వాలి. శుద్ధి చేస్తే అది మళ్లీ కందెనగా పనికివస్తుంది. కూలెంట్, బ్రేక్ ఆయిల్ కూడా అలాగే వేర్వేరు డబ్బాల్లో ఉంచి ఇవ్వాలి. కూలెంట్ రుచికి తియ్యగా ఉండి జంతువులను ఆకర్షిస్తుంది, కొద్దిగా తాగినా వాటి ప్రాణం తీస్తుంది. అందువల్ల తెరిచిన పళ్లెంలో దాన్ని ఒక్క రాత్రి కూడా వదలకండి.

టైర్లు అరగకుండా ఎలాగూ ఆపలేం కదా, దాని గురించి చెప్పి ఏం లాభం?

పూర్తిగా ఆపలేం, తగ్గించగలం. అమెరికా పసిఫిక్ తీరంలో వానలు పడగానే గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో సాల్మన్ చేపలు వాగుల్లో ఎందుకు చచ్చిపోతున్నాయో చాలా ఏళ్లపాటు తెలియలేదు. టైర్లు పగుళ్లు బారకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో చర్య జరిపి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుందని, చేపలను చంపుతున్నది అదేనని 2020 డిసెంబరులో శాస్త్రవేత్తలు ప్రకటించారు. టైరు తయారీని మార్చడం కంపెనీల పని. గాలి సరిగా నింపడం, చక్రాల అమరిక చూపించుకోవడం, ఒక్కసారిగా వేగం పెంచి గట్టిగా బ్రేకు వేసే అలవాటు మానుకోవడం, దగ్గరి పనులకు నడిచి వెళ్లడం వంటివి మన చేతిలో ఉన్నాయి.

మొక్కలకు ఎరువు వాన ముందు వేస్తే బాగా దిగుతుందంటారు, నిజమేనా?

సన్నని జల్లు పడితే కొంత నిజం, గట్టి వాన పడితే ఎరువు మొక్కకు అందకుండా కాలువలోకి పోతుంది. ఎరువులోని భాస్వరం చెరువుల్లో, నత్రజని తీర జలాల్లో నాచును విపరీతంగా పెంచుతాయి. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అడుగంటి చేపలు ఊపిరాడక పైకి తేలుతాయి. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు విషం కూడా విడుదల చేస్తుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో గట్టి వాన సూచన ఉంటే ఎరువు వేయకండి. వేసినప్పుడు బాటల మీద, కాంక్రీటు మీద పడిన గుళికలను ఊడ్చి మళ్లీ మట్టిలో చల్లండి. అసలు మీ మట్టికి భాస్వరం అవసరమా లేదా అన్నది భూసార పరీక్షతో తేలుతుంది. పురుగుమందుల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి: పురుగు కనిపించిన మొక్క మీదే, సీసా మీద రాసిన మోతాదులోనే, గాలి లేని పొడి రోజున చల్లాలి. పిచికారీ డబ్బా కడిగిన నీటిని కూడా అదే మొక్కల మీద చల్లేయాలి.

రాలిన ఆకులు సహజమైనవే కదా, కాలువలోకి ఊడిస్తే తప్పేమిటి?

చెట్టు కింద మట్టి మీద ఆకు ఎరువు అవుతుంది, రోడ్డు మీద మాత్రం కాలుష్యం అవుతుంది. తడిసిన ఆకుల్లోంచి భాస్వరం, తేయాకులోంచి రంగు దిగినట్టు, నీటిలోకి దిగిపోతుంది. అమెరికాలోని మాడిసన్ నగరంలో భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఆకురాలు కాలంలో రెండు వీధులను పోల్చి చూశారు. ఆకులను వాన ముందే పూర్తిగా తీసేసిన వీధి నుంచి పారిన నీటిలో భాస్వరం 84 శాతం తగ్గినట్టు 2016లో వెల్లడించారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని ఈ విషయంలో మరొకటి నాకు తెలియదు. చీపురు చాలు. ఊడ్చిన ఆకులను పాదుల్లో కప్పండి, లేదా కంపోస్టు చేయండి. తగలబెట్టకండి, ఆ బూడిద కూడా చివరికి కాలువలోకే చేరుతుంది.

కుక్క మలం ఎండి మట్టిలో కలిసిపోతుంది కదా?

అది ఎండేలోపు వాన వస్తే అందులోని బ్యాక్టీరియా, పరాన్నజీవుల గుడ్లు నీటిలో చేరతాయి. కుక్క పేగుల్లో ఉండే ఒక రకం ఏలికపాము గుడ్లు మట్టిలో నెలల తరబడి బతికి ఉండి, ఆ మట్టిలో ఆడుకునే పిల్లలకు హాని చేస్తాయి. నడకకు వెళ్లేటప్పుడు ఒక సంచి వెంట ఉంచుకుని, ఎత్తి చెత్తడబ్బాలో వేయండి. కూరగాయల పాదుల్లో మాత్రం వేయకండి.

ముంగిలి రోజూ గొట్టంతో కడగడం శుభ్రత కాదా?

ముంగిలి శుభ్రమవుతుంది, ఆ మురికంతా కాలువకు చేరుతుంది. ముందు పొడిగా ఊడ్చి, చెత్తను ఎత్తిపోసి, ఆ తర్వాత తప్పదనుకుంటే కొద్ది నీటితో తుడవాలి.

వంటనూనెను సింకులో పోస్తే వాననీటికి ఏం సంబంధం?

సంబంధం ఉంది. చల్లబడిన నూనె, కొవ్వు మురుగు పైపుల్లో గడ్డకట్టి దారి మూసేస్తాయి. అప్పుడు మురుగు మ్యాన్‌హోల్‌లోంచి రోడ్డు మీదికి పొంగి, దగ్గరలోని వాననీటి కాలువలో పడుతుంది. గిన్నెలోని జిడ్డును కాగితంతో తుడిచి చెత్తలో వేసి, ఆ తర్వాత కడగండి.

## ఇంట్లో పనులు జరుగుతున్నప్పుడు

రంగులు వేసిన కుంచెలు ఎక్కడ కడగాలి?

నీటితో కలిపే రంగులైతే ముందు కుంచెలోని రంగును వీలైనంత వరకు గోడకో పాత కాగితానికో రాసేసి, మిగిలినది మురుగు పైపుకు కలిసిన సింకులో కడగాలి. ఆయిల్ పెయింట్ అయితే కుంచెను డబ్బాలోని థిన్నర్‌లోనే శుభ్రం చేసి, రంగు అడుగుకు దిగిన తర్వాత పైన తేరిన థిన్నర్‌ను మళ్లీ వాడుకోవాలి. అడుగున మిగిలిన మడ్డిని ప్రమాదకర వ్యర్థంగా విడిగా ఇవ్వాలి. దాన్ని సింకులో కూడా పోయకూడదు. పాత ఇళ్లలో గోడలు గీకేటప్పుడు రాలే పెచ్చుల్లో సీసం ఉండవచ్చు కనుక కింద పట్టా పరచి, రాలినదంతా ఎత్తివేయాలి.

సిమెంటు కలిపిన తట్టలు, పారలు కడిగిన నీరు తెల్లటి నీరే కదా?

తెల్లగా కనిపించినా అది తీవ్రమైన క్షారం. తడి సిమెంటు నీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 12 దాటుతుంది, చాలా చేపలు 9 దాటితేనే తట్టుకోలేవు. ఈ నీటిని కాలువకు, బావికి దూరంగా పట్టా పరిచిన గుంటలో పోసి, ఎండి గట్టిపడ్డాక ఆ పెళ్లలను శిథిలాలతో పాటు పంపించాలి. మేస్త్రీకి ఈ మాట పని మొదలయ్యే రోజునే చెప్పాలి, పని ముగిశాక చెబితే ఉపయోగం ఉండదు.

ఇసుక కుప్ప వాకిట్లో ఉంటే అది కాలుష్యమా?

నీటిలోకి చేరితే అవును. కొట్టుకుపోయిన ఇసుక, మట్టి కాలువను పూడ్చి ముంపు తెస్తాయి. సన్నని మట్టి చెరువులో వెలుతురును అడ్డుకుంటుంది, చేపల గుడ్లను కప్పేస్తుంది, భాస్వరాన్ని, లోహాలను తనతో మోసుకుపోతుంది. కుప్పను కాలువకు దూరంగా పోయించి, పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టండి. పల్లం వైపు ఇసుక బస్తాలు అడ్డం వేయండి. తవ్వి వదిలేసిన నేల మీద గడ్డో ఆకుల కప్పో వేస్తే మట్టి కోత ఆగుతుంది.

## వాన కురుస్తున్నప్పుడు

కప్పు మీది నీటిని వీధిలోకి వదలకుండా ఏం చేయవచ్చు?

మూడు మార్గాలున్నాయి. మొదటిది తొట్టిలో నిల్వ చేసుకోవడం. కప్పు మీది ధూళి, పక్షి రెట్టలు కొట్టుకువచ్చే తొలి నీటిని, అంటే 100 చదరపు మీటర్ల కప్పుకు కనీసం ఒక మిల్లీమీటరు చొప్పున 100 లీటర్లను, పక్కకు మళ్లించి మిగిలినది పట్టాలి. మళ్లించినదాన్ని మొక్కలకు పెట్టవచ్చు. తొట్టి మూతకు సన్నని దోమతెర ఉండాలి.

రెండవది కప్పు నుంచి దిగే గొట్టం చివరను తోట వైపు తిప్పడం. నేల వాలు గోడ నుంచి బయటికి ఉంటే చాలు.

మూడవది వాన తోట. ఇది అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 1990లో ఇళ్ల మధ్య మొదలైన పద్ధతి. గోడకు కనీసం 3 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల లోతున, పళ్లెంలా అడుగు సమంగా ఉండే గుంట తీసి, తడిని, ఎండను తట్టుకునే మొక్కలు నాటుతారు. 50 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే 1,000 లీటర్లకు సుమారు 7 చదరపు మీటర్ల గుంట సరిపోతుంది. ముందుగా 30 సెంటీమీటర్ల గొయ్యి తీసి రెండుసార్లు నీరు నింపి చూడండి. రెండోసారి పోసినది ఒక్క రోజులో ఇంకకపోతే చోటు మార్చుకోవాలి. నీరు రెండు రోజుల్లో ఇంకిపోయే గుంటలో దోమలు పెరగలేవు, ఎందుకంటే గుడ్డు నుంచి దోమ కావడానికి వాటికి దాదాపు వారం పడుతుంది.

ఇంకుడు గుంతలోకి ఏ నీరైనా పంపవచ్చా?

పంపకూడదు. ఈ విషయంలో మంచి ఉద్దేశంతోనే పెద్ద పొరపాట్లు జరుగుతున్నాయి. వాహనాలు నిలిపే చోటు నుంచి, రంగులు కలిపిన చోటు నుంచి పారే నీటిని గుంతలోకి మళ్లిస్తే ఆ కాలుష్యాన్ని మీ చేతులతో భూగర్భజలానికి అందించినట్టే. చెరువును శుభ్రం చేయడం కష్టమే అయినా సాధ్యం, పాడైన భూగర్భజలం తేరుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. కప్పు మీది నీటిని కూడా వడపోత గదిలో ఆకులు, మట్టి ఆపాకే పంపాలి. బోరుబావిలోకి నేరుగా పైపు పెట్టి వదలకూడదు. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు దగ్గరలో గుంత తవ్వకూడదు.

నీరు నిలిచిపోతోందని మురుగు మ్యాన్‌హోల్ మూత తెరవవచ్చా?

ఎన్నడూ తెరవవద్దు. మొదటి కారణం ప్రాణం: నీటి అడుగున తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ కనబడదు, నడిచేవారిని లోపలికి లాగేస్తుంది. రెండవ కారణం, వాననీటితో నిండిన మురుగు పైపు పల్లంలో ఉన్న మరో వీధిలో, మరొకరి ఇంట్లో పొంగుతుంది. ఇదే కారణంగా డాబా మీది వాననీటి గొట్టాన్ని మురుగు పైపుకు కలపకూడదు.

## వాన వెలిసిన తర్వాత

కాలువ నీటిపై రంగురంగుల పొర కనిపిస్తోంది. అది నూనేనా?

కాకపోవచ్చు. ఇనుము ఉన్న మట్టిలో పెరిగే బ్యాక్టీరియా కూడా అలాంటి పొరనే ఏర్పరుస్తుంది. ఒక పుల్లతో కదిపి చూడండి: పగిలిన గాజు పెంకుల్లా ముక్కలై విడిగానే ఉండిపోతే అది బ్యాక్టీరియా పొర, చుట్టూ తిరిగి మళ్లీ కలిసిపోతే నూనె. నూనె అయితే సమయం, చోటు రాసుకుని, ఫొటో తీసి, స్థానిక పాలక సంస్థకు తెలపండి.

ఇంట్లో నూనె గానీ రసాయనం గానీ ఒలికితే వెంటనే ఏం చేయాలి?

నీళ్లు పోయకండి. ముందు కాలువ వైపు పారకుండా ఇసుకతోనో పాత గుడ్డలతోనో అడ్డుకట్ట వేయండి. నూనె మీద రంపపుపొట్టో పొడి మట్టో చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి సంచిలో కట్టండి. యాసిడ్ లేదా పెట్రోలు ఒలికితే పిల్లలను దూరంగా పంపి, నిప్పు తగలనీయకుండా, ఎక్కువ మొత్తమైతే అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

మా వాషింగ్ మెషీన్ నీరు వాననీటి కాలువలోకి పోతోందేమో ఎలా తెలుసుకోవాలి?

ఇలాంటి తప్పు కనెక్షన్లు, గొట్టాలు పొడిగించినప్పుడు, బాల్కనీలోకి మెషీన్ మార్చినప్పుడు, ఇంటివారికి తెలియకుండానే ఏర్పడతాయి. నాలుగైదు రోజులు వాన లేని సమయంలో మెషీన్ నడిపి, నీరు వదిలేటప్పుడు ఇంటి ముందు వాననీటి కాలువను ఒకరు గమనించాలి. అక్కడ నురుగు కనిపిస్తే కనెక్షన్ తప్పుగా ఉన్నట్టే. నురుగుతో స్పష్టంగా తెలియకపోతే, తినే పదార్థాల్లో వాడే రంగు కొంచెం మెషీన్‌లో కలిపి, బట్టలు లేకుండా ఒకసారి తిప్పి చూడండి. బాల్కనీ తూము సాధారణంగా వాననీటి గొట్టానికే కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ మెషీన్ ఉన్నవారు ఈ పరీక్ష తప్పక చేయాలి. ప్లంబర్‌కు గొట్టాన్ని మురుగు లైనుకు మార్చమని చెప్పి, మార్చాక అదే రంగు పరీక్ష మరోసారి చేయించండి.